తిత్తి వంతు

మొండితనంలో నన్ను మించిన పిల్ల కొత్తపేటలోనే లేదని మా అమ్మ అనేది. కింది పోర్షన్‌లో ఇంకొకతి ఉందని ఆమెకు తెలియక కాదు, సొంత బిడ్డ గురించి ఎవరైనా గొప్పగానే చెప్పుకుంటారు.

మేం బందరు నుంచి వచ్చి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. కింద ఉండే ఇంటివాళ్లది పోచంపల్లి, నేత కుటుంబం. ఎల్‌బీ నగర్‌లో వాళ్లకి చీరల కొట్టుండేది. వాళ్ల మనవరాలూ నేనూ ఏడో తరగతిలో ఒకే బెంచీ. మార్కుల్లో పోటీ, పాటల్లో పోటీ, ఆఖరికి నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల వరుసలోనూ పోటీయే. ఉద్యమం వేడెక్కాక మా తగువులోకి కొత్త మాటలు వచ్చాయి. మీ ఊరికి పొమ్మని ఆమె అనేది. ఇల్లు మీ తాతదే గానీ ఊరు కాదని నేను అనేదాన్ని. అన్నీ పెద్దవాళ్ల దగ్గర విన్న మాటలే.

తెలంగాణ కోసం సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోవడంతో మూసారాంబాగ్‌లో నా సంగీతం క్లాసు కూడా పోయింది. ఇంతలో, దసరానాడు మా గల్లీ అమ్మవారి పందిట్లో పిల్లల చేత ఒక పాట పాడిస్తామని పందిరి కమిటీవాళ్లు అన్నారు. హార్మోనియం ముందు కూర్చోవాలని నాకెంత ఉందో ఆమెకీ అంతే ఉంది. గల్లీ మొత్తానికి ఉన్న హార్మోనియం ఒక్కటే, వాళ్ల తాతది. ఏళ్ల తరబడి భజనల్లో వాయించీ వాయించీ దాని గాలి తిత్తికి చిల్లులు పడ్డాయి. అతుకులు వేసినా గాలి నిలిచేది కాదు. వెనక ఒకరు కూర్చుని రెండు చేతులతో తిత్తి కొడుతూ ఉంటేనే ముందున్నవాళ్లు మెట్లు నొక్కితే పలికేది.

"ఒకలు మెట్లు, ఒకలు తిత్తి. తెల్లారి మారాలె. దసరానాడు ఎవల వంతు ఒస్తే వాళ్లే" అని తాత తేల్చేశాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే దసరానాడు మెట్లు నావి. ఆమె కూడా లెక్కపెట్టుకుని మొహం మాడ్చుకుంది.

మర్నాడు ఆమె వాయిస్తుంటే చరణం మధ్యలో నేను కావాలనే చేతులు సడలించాను. పైకి ఎక్కుతున్న స్వరం కాస్తా మూలిగి ఆగిపోయింది. నాకప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ మరుసటి రోజు ఆమె నాకు అదే తిరిగి చేసింది. వారం రోజులు ఇలాగే సాగింది. తాత తిట్టలేదు, కొత్త నియమం పెట్టాడు. తిత్తి కొట్టేవాళ్లే పాడాలి, వాయించేవాళ్లు నోరు మూసుకోవాలి.

దాంతో చిక్కుపడ్డాను. గాలి తగ్గిస్తే నడిమధ్యలో ఒంటరిగా మిగిలిపోయేది నా గొంతే. నా పాట నేనే చెడగొట్టుకునేంత పిచ్చిదాన్ని కాను. పల్లవి ఎత్తుకునే ముందు ఆమె ఒక క్షణం ఆగుతుందని, చరణం చివర నేను తొందరపడతానని ఇద్దరికీ తెలిసిపోయింది. ఆమె ఆగేచోటా నేను తిత్తి కొడుతూనే ఉండేదాన్ని. నేను పరిగెత్తేచోట ఆమె నిదానంగా పాడి నన్ను వెనక్కి లాగేది. అరచేతులు బొబ్బలెక్కితే చీర ముక్కలు చుట్టుకుని మరీ కొట్టాం. స్నేహం అని ఎవరమూ అనుకోలేదు. ఈ పాట నిలబడి తీరాలి, అంతే.

దసరా సాయంత్రం పందిరి నిండిపోయింది. నేను హార్మోనియం ముందు కూర్చోబోతుంటే కమిటీలో ఒకతను అడ్డం వచ్చాడు. ఉద్యమం నడుస్తుండగా ఆంధ్రోళ్ల పిల్లను ముందు కూర్చోబెడితే మంది ఏమనుకుంటారని, ఇంటివాళ్ల పాప వాయిస్తే చాలని, నన్ను వెనక్కి వెళ్లమన్నాడు. నాన్న తల దించుకున్నారు. నాకు ఏడుపు వచ్చింది. మూడు వారాలుగా ఎదురుచూసిన చోటు ఆమెకి అడగకుండానే దొరికింది. ఆమె దాన్ని తీసుకుంటుందని నాకు అనుమానమే లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనైతే తీసుకునేదాన్ని.

ఆమె వెళ్లి తిత్తి వెనక కూర్చుంది.

"ఇయ్యాల మెట్ల వంతు దానిది. నేను ఈడనే కూసుంట. గట్ల కాదంటే పాటే లేదు."

అతను తాత వైపు చూశాడు. వంతంటే వంతేనని తాత అన్నాడు. నేను కూర్చున్నాను.

పల్లవిలోనే ఒక మెట్టు తప్పాను. ఆమె గొంతు పెంచి ఆ తప్పు మీదుగా పాడేసింది. చరణం చివర తొందరపడబోతే ఎప్పటిలాగే వెనక్కి లాగింది. ఆఖరి స్వరం మీదికి వచ్చాక వేలు తియ్యాలంటే నాకు భయం వేసింది, తీస్తే అంతా అయిపోతుందని. అలాగే నొక్కి ఉంచాను. పాడటం ముగిసినా ఆమె చేతులు ఆపలేదు. నేను వేలు తీసేదాకా ఆ చిల్లుల తిత్తిలోంచి గాలి వస్తూనే ఉంది.