చప్పుడు ఆగే చోటు

మార్త చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇంజన్లో బొగ్గు వేసే తండ్రి పోయాక, సికింద్రాబాద్‌లో రైలింజన్లకు పోసే నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పని దొరికింది. నోరు విప్పడం తక్కువ. కళ్లు మాత్రం ఊరుకునేవి కావు.

అక్కడ ఆమెకు అన్నిటికన్నా వింతగా తోచింది ఒక చెక్కపెట్టె. గాజుగిన్నెలో నీళ్లు పోసి, రెండు ప్లాటినం రేకులు ముంచి, కరెంటు పంపుతారు. పరీక్షలు చేసే ఇమాం వలి గారు టెలిఫోన్ రిసీవరు చెవికి ఆనించుకుని పెట్టె మీది మర తిప్పుతారు. తుమ్మెద రొదలాంటి చప్పుడు సన్నగిల్లి ఒకచోట ఆగిపోతుంది. అక్కడి అంకెను బట్టి ఆ నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో లెక్కగడతారు. కరిగిన ఉప్పు ఎంత ఎక్కువైతే అంత బాగా పారుతుంది. కంటికి తేటగా కనిపించే నీళ్లు చెవికి గుట్టు చెప్పుకోవడమేమిటో మార్తకు అంతుపట్టేది కాదు.

పోలీసు చర్య జరిగిన కొన్ని వారాలకు మౌలాలి రైల్వే కాలనీలో కొందరికి వాంతులు పట్టుకున్నాయి. బావి దగ్గర పంపు నడిపే పీర్ మహమ్మదే ఏదో కలిపాడని పుకారు లేచింది. అతన్ని పంపుగదిలోకి నెట్టి గొళ్లెం పెట్టారు. కాలనీ పెద్ద వీరయ్య ప్రయోగశాలకు వచ్చి, బావినీళ్లు పట్టి తెస్తానని మార్త దగ్గర ఖాళీ సీసా తీసుకుపోయాడు. మర్నాడు నిండు సీసాతో, దాన్ని బావిలో ముంచి నింపిన కాలనీ ముసలమ్మ లచ్చమ్మతో తిరిగొచ్చాడు.

“ఈ పెట్టె విషాన్ని గుర్తుపట్టది వీరయ్యా,” అన్నారు ఇమాం వలి. “ఉప్పులాంటిదేమన్న కలిస్తే చెప్తది. పోయిన నెల గీ బాయి నీళ్లు కొలిచిన. అప్పటి అంకెతోని సరిచూద్దాం.”

“సరే సాబ్. నేను సుత వింట. మీరు మీరు ఒకటని రేపు ఎవడన్న అనొద్దు గద.”

ఇమాం వలి ముఖం చిన్నబోయింది. రిసీవరు అతని చేతికే ఇచ్చి మర తిప్పారు. పోయిన నెల అంకె వచ్చినా రొద ఆగలేదు. చాలా దూరం పోయాక గాని ఆగలేదు.

“కలిసింది గద!” వీరయ్య లేచాడు. “ఇగ వాని సంగతి మేమే చూస్కుంటం.”

మార్త సీసా అందుకుంది. తను పంపినప్పుడు మసకగా ఉన్న గాజు ఇప్పుడు తళతళలాడుతోంది. మెడ లోపల సన్నని నల్లటి చార.

“పెద్దమ్మా, సీసా తోమినవా?” గొంతు తనకే వినబడలేదు. మళ్లీ అడిగింది.

“తోమకుంట ముంచుతనా?” అంది లచ్చమ్మ. “ఎవరెవరి చేతుల పడ్డదో! తాగే బాయిల దించాలె. పొయ్యిల బూడిద లోపటికి పోసి, పుల్లకు పీచు చుట్టి తోమిన. జెరంత మిగిలితే ఏమైతది, బూడిద మైలనా?”

“బూడిదల సుత ఉప్పుంటది తల్లీ,” అన్నారు ఇమాం వలి.

“గిదొక సాకా సాబ్?” అన్నాడు వీరయ్య.

ఆయన శుద్ధమైన నీళ్లలో చిటికెడు బూడిద వేసి వీరయ్యకే వినిపించారు. చప్పుడు ఆగే చోటు ఎక్కడికో జరిగిపోయింది. వీరయ్య రిసీవరు కింద పెట్టాడు.

“ఇంకో సీసా నింపుకొద్దాం,” అన్నాడు.

“తోమనిది బాయిల దించ,” లచ్చమ్మ మొండికేసింది.

“దించకు పెద్దమ్మా,” అంది మార్త. “నీ బొక్కెననే బాయినీళ్లతోని మంచిగ కడిగి, తోడి సీసాలకు వంపు.”

సాయంత్రం ఆ నీళ్లు కొలిచారు. పోయిన నెల అంకె దగ్గరికి రాగానే వీరయ్య చెయ్యెత్తాడు. “ఆగింది.” ఇంకోసారి తిప్పమన్నాడు. మళ్లీ అక్కడే ఆగింది.

“మరి వాంతులో?”

“అది డాక్టరు చూడాలె. అందాక నీళ్లు కాగబెట్టుకొని తాగుండ్రి. బాయిల మాత్రం ఉప్పేం కలవలేదు.”

వీరయ్య వెళ్లి పంపుగది గొళ్లెం తీశాడు. పీర్ మహమ్మద్ గడప దాటలేక జనం వంక చూస్తూ నిలబడిపోయాడు. లచ్చమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి గది పక్కనున్న కొళాయి కింద బిందె పెట్టింది.

“ఏందీ, గట్ల చూస్తవ్? పంపు తిప్పు. ఇంట్ల ఎసరు పెట్టాలె.”