ఒక్కో పంతులు వెనక ఎందరు?

నాకు లెక్కలు ఏ బడీ నేర్పలేదు. కొత్తకోట దగ్గరి మా ఊళ్లో గొర్రెల మంద నేర్పింది. మిగతావి పాత ఎక్కాల పుస్తకం చూసి నేనే నేర్చుకున్నాను.

అరవైల్లో ఒక ఏడు నా కూతురు మెట్రిక్ పాసయింది. మహబూబ్‌నగర్ వెళ్లి కాలేజీలో చేరతానంది. చదువయ్యాక కాలేజీలోనే పాఠాలు చెబుతానంది. మా ఇంట్లో చెల్లేది మా అన్న మాటే. మంద ఉమ్మడిది, కాసేది ఆయన కొడుకులు. ఆయన కాదంటే ఇక కాదనే.

అన్న కూడా చదవడం వచ్చినవాడే. హైదరాబాదు బస్సులో వచ్చే పేపరును, హోటల్లో అందరూ చదివాక ఇంటికి తెచ్చేవాడు. ఒక సాయంత్రం దొడ్డి దగ్గర అది నా చేతిలో పెట్టాడు. ఇంగ్లండులో కంటే మన దేశంలోనే కాలేజీ పంతుళ్లు ఎక్కువమంది ఉన్నారని అందులో వేశారు. ఆ అంకెలు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేవు. గుర్తులేని అంకె నేను రాయను.

“సూసినవా తమ్మీ? దొరలనే దాటినం. ఇంక నీ బిడ్డ యాడ కూసుంటది, వాళ్ల నెత్తిమీదనా?”

“గొర్లెన్నో అడగకుంట ఉట్టి కాపర్లను లెక్కవెడతమా అన్నా? మన జనమెంత, వాళ్ల జనమెంత? తలకింతని పంచి సూడు.”

గెలిచాననే అనుకున్నాను. అన్న నవ్వాడు.

“అందరికెందుకు పంచుతవు? పాలు తాగే పోరగాండ్లకు, నీకు, నాకు కాలేజి పంతులేం జేస్తడు? కాలేజికి వోయేటోళ్లకే పంచు. గట్ల జూస్తె మనకు సరిపోయిండ్రు.”

భాగహారంలో తప్పు లేదు. చేరేవాళ్లు తక్కువైతే ఒక్కో పంతులు వెనక ఉండేవాళ్లూ తక్కువే. అసలు ఎవరినీ చేర్చుకోకపోతే ఇంకా బాగా సరిపోతారు! నాకు ఒళ్లు మండింది.

“మంద తప్పిన గొర్లను లెక్కల్నుంచి కొట్టేసి, దొడ్డి నిండిందంటే ఊకుంటవా?”

దొడ్డి ఊడుస్తున్న నా బిడ్డ చీపురు ఆపింది. “పెద్దబాపూ, నేను వోతె సదివేటోళ్లు ఒకరు ఎక్కువైతరు గద. అప్పుడు పంతుళ్లు సరిపోరు.”

అన్న మొహం నల్లబడింది. “తండ్రీబిడ్డలు జవాబులు బాగనే నేర్సిండ్రు. పిల్లను పంపితె మంద పంచుకో. నా కొడుకులు నీ జీవాలు కాయరు.”

అంతటితో నేను తగ్గుతానని ఆయన ధీమా.

“పంచుకుందాం” అన్నాను.

ఒకరు రెండు పాళ్లు చేస్తే, రెండోవారు ముందు కోరుకోవాలి. మాలో అదే పద్ధతి. పాళ్లు నేనే చేశాను. ఈనబోయేవి, ముసలివి, కుంటివి ఇటూ అటూ సమానంగా నిలబెట్టాను. అన్న చుట్టూ తిరిగి చూశాడు. చాలాసేపు ఏదీ కోరుకోలేకపోయాడు. చివరికి తనవైపు ఉన్న సగాన్ని తోలుకుంటూ అడిగాడు:

“మరి నీ మందకు కాపరెవడు, లెక్కలోడా?”

“నేనే.”

“గీ నొప్పుల మోకాళ్లతోనా?”

“గీటితోనే.”

కాలేజీ తెరిచిన రోజు నా బిడ్డ ఒక్కతే బస్సెక్కింది. వెంట వెళ్లి దింపి రావాలని నాకూ ఉండింది. కానీ నా మందకు ఇంకో కాపరి లేడు. అయినా పంపాను.