మమత అడిగిన రక్తపరీక్ష

మెదక్ బస్టాండు దగ్గర మమత టిఫిన్ సెంటరు ఎప్పుడూ రద్దీగానే ఉంటుంది. చెవికి మిషను ఉన్నా ఆ సందడిలో ఆమె మనుషుల పెదవులు చూసే ఆర్డరు అందుకుంటుంది.

చిన్నతనంలోనే వినికిడి తగ్గింది. ఈడొచ్చినా పెద్దమనిషి కాలేదు. తను మొక్కు తప్పడం వల్లే బిడ్డకిలా అయిందని తల్లి యాదవ్వ కుమిలిపోయేది.

ముప్పై దాటాక మమత జారిపడితే చేయి విరిగింది. ఈ వయసుకే ఎముకలు పలుచబడ్డాయని డాక్టరు హైదరాబాద్ పంపాడు. అక్కడ జన్యుపరీక్ష చేశారు. డాక్టరు గోదావరి తల్లీబిడ్డల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. ఒంట్లో కణాలకు శక్తినిచ్చేవి మైటోకాండ్రియాలు. వాటికి కావలసిన కొన్ని ప్రొటీన్లు వాటిలోనే, రైబోజోములనే చిన్న యంత్రాల్లో తయారవుతాయి. ఆ యంత్రాన్ని నిలబెట్టే ప్రొటీన్లలో ఒకటి మమతకు సరిగా లేదు. అందుకే చెవికీ, అండాశయానికీ శక్తి చాలలేదు. అండాశయం నుంచి రావలసిన హార్మోను రాక ఎముకలూ పలుచబడ్డాయి. యాదవ్వది మేనరికం. ఒకే లోపం అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వచ్చి బిడ్డలో కలిసింది.

"అయితె నా మొక్కుతోని కాదా మేడమ్?" అని అడిగింది యాదవ్వ.

"కాదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

యాదవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మమతకు గుండె మీది బరువు దిగినట్టయింది. పోయిన వినికిడి రాదన్నారు. ఎముకల కోసం హార్మోను మాత్రలు మొదలుపెట్టారు.

ఆ ఏడే తమ్ముడు పరమేశ్‌కు కౌడిపల్లి మేనమామ ప్రకాశం కూతురు కృతికను అనుకున్నారు. మాట ఖాయం చేసుకునే రోజున మమత లేచి, ముందు ఇద్దరికీ రక్తపరీక్ష కావాలంది. ఇంటి గుట్టు బజార్ల పెడతావా అని ప్రకాశం మండిపడ్డాడు. మమత తొణకలేదు.

"మామా, నేను మంచిగనే బతుకుతున్న. గని తెలిసి తెలిసి ఇంకో పిల్లకు గీ తిప్పలెందుకు? పరీక్ష చేయించుండ్రి, గప్పుడు మాట్లాడుకుందం."

కృతికే ముందుకొచ్చింది. "నేనిస్త రక్తం, వదినా."

పరమేశ్‌కు ఆ లోపం ఒకవైపు నుంచే వచ్చిందని, కృతికలో అసలు లేదని పరీక్షలో తేలింది. పుట్టే పిల్లలకు ఈ జబ్బు రాదని గోదావరి ధైర్యం చెప్పింది. వైశాఖంలో పెండ్లి చేశారు. ఆ పొద్దటి టిఫిన్లు మమతే చేయించింది. ఆ తర్వాత తన కొడుక్కి మేనరికం మాట వచ్చినప్పుడు ప్రకాశం ఎవరూ చెప్పకుండానే కొడుకునూ ఆ పిల్లనూ పరీక్షకు తీసుకుపోయాడు.