వీపు మీద చేతిగుర్తులు

సినీవా పుట్టింది సమోవాలోని సవాయీ దీవిలో. పెళ్లి ఆక్లండ్‌లో అయింది, బిడ్డ పుట్టింది బ్రిస్బేన్ పక్కనున్న లోగన్‌లో. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆమెకు పని. మనిషి భారీ, నవ్వు అంతకంటే భారీ. చర్చి పాటల్లో ఆమె గొంతు వెనక వరసలోంచి కూడా విడిగా వినిపించేది. చేతులైతే మగవాళ్ల చేతులంత. ఆ చేతులతో మూడున్నరేళ్ల కూతురు లాంగిని ఒక్క ఊపున గాల్లోకి లేపి పట్టుకునేది. పిల్ల కూడా "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ వదిలేది కాదు.

నవంబరులో ఒక శనివారం, చర్చి పాటల బృందం ప్రయాణ ఖర్చుల కోసం ఆడవాళ్లంతా హాలు వెనక పెరట్లో చేరి అమ్మడానికి ఒకా చేస్తున్నారు. పచ్చిచేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు పోస్తారు, అదే ఒకా. నిమ్మకాయలు పిండే పని సినీవాకు పడింది. బస్తా ముందేసుకుని కూర్చుని పొద్దున్నించీ పిండుతూనే ఉంది. రసం మోచేతుల దాకా కారుతోంది.

"నిమ్మకాయలు పిండుతున్నావా, పగవాడి మెడ పిసుకుతున్నావా?" అంది ఆమె అత్త ఎసెతా, చేప ముక్కలు కోస్తూ.

"మీ అబ్బాయి అనుకుని పిండుతున్నా అత్తమ్మా. కాస్త ప్రేమగానేలే."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె మొగుడు ఫిలెమోని గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. ఆ రోజు పనిలో ఉన్నాడు, లేకపోతే అతనూ నవ్వేవాడే.

లాంగి చిన్న నిక్కరు మాత్రం వేసుకుని, ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు చిందిస్తూ ఆడుతోంది. ఉండుండి తల్లి దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. సినీవా ఆ తడిచేతులతోనే దాన్ని చంకల కింద పట్టుకుని ఎత్తి తిప్పి, మళ్లీ తొట్టిలో దింపుతుంది. నడినెత్తిన ఎండ. సాయంత్రం దాకా ఇదే ఆట.

మర్నాడు చర్చిలో పిల్ల వీపు మంటగా ఉందని ఏడ్చింది. గౌను ఎత్తి చూస్తే చర్మం ఎర్రబడి ఉంది. ఎండదెబ్బేమో అనుకున్నారు. ఆ తర్వాతి రోజుకి అక్కడక్కడ చిన్న పొక్కులు లేచాయి. అవి అణిగాక ఎరుపు గోధుమరంగులోకి తిరిగింది.

"నిమ్మచెక్కతో మెల్లగా రుద్ది, పైన కొబ్బరినూనె రాయి. మచ్చ మిగలదు. మా అమ్మ మాకు అలాగే చేసేది," అంది ఎసెతా.

సినీవా అలాగే చేసింది. గోధుమరంగు ఎంతమేర ఉందో అంతమేర ఓపిగ్గా రుద్దింది. చల్లగా ఉందని పిల్ల నవ్వింది, చొక్కా లేకుండానే పెరట్లోకి పరుగెత్తింది. మచ్చ తేలికపడలేదు సరికదా, రోజురోజుకీ ముదిరింది. ఎరుపుగా ఉన్నప్పుడు కలిసిపోయి కనిపించినదంతా ముదిరేకొద్దీ విడివిడిగా తేలింది.

తర్వాతి వారం గురువారం చైల్డ్‌కేర్‌లో పిల్ల నీళ్లు ఒంపుకుంటే డెబ్రా అనే ఆమె చొక్కా మార్చింది. లాంగిని నెలల పిల్లప్పటి నుంచీ చూసుకుంటున్న మనిషి. వీపు చూసి అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. వెన్నుకు అటూ ఇటూ ముదురు గోధుమరంగులో నాలుగేసి వేళ్లు, పక్కటెముకల మీద బొటనవేళ్లు, జబ్బ మీద పూర్తి అరచెయ్యి. పెద్ద చేతులు.

చూసింది చూసినట్టు డెబ్రా ఫోను చేసి చెప్పింది. సినీవాను లాండ్రీ నుంచి ఆసుపత్రికి పిలిపించారు. అప్పటికే అక్కడ పోలీసామె ఒకరు, పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి మెరిడిత్ అనే ఆమె ఉన్నారు. డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. "ఒకసారి మీ చెయ్యి దీని పక్కన పెడతారా అమ్మా?" అన్నాడు.

పెట్టింది. వేలికి వేలు, సందుకి సందు సరిపోయింది.

"ఎప్పుడైనా పిల్లను కొట్టారా?" అని మెరిడిత్ అడిగింది.

అబద్ధమాడటం సినీవాకు తట్టలేదు. "పోయిన నెల రోడ్డు మీదికి పరుగెత్తితే కాలి మీద ఒకటి వేశాను."

"కాలి మీదేనా?"

"కాలి మీదే."

"మరి ఇవి?"

"తెలీదండీ. చెయ్యి నాదే. ఎలా పడిందో తెలీదు."

ఆ మాటే ఆమెను ముంచింది. ఆ సాయంత్రమే లాంగిని ఎవరో ముక్కూ మొహం తెలియని దంపతుల ఇంట్లో ఉంచారు. కారెక్కిస్తున్నప్పుడు పిల్ల ఏడవలేదు, షికారు అనుకుంది. తల్లికి చెయ్యి ఊపింది.

ఫిలెమోనిని అడిగితే, "ఆ శనివారం నేను ఇంట్లో లేనండీ. మిగతా రోజులు కూడా నేను వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది," అన్నాడు. అన్నీ నిజాలే. కానీ ఆ నిజాలన్నీ ఒక పక్కకి చేరి నిలబడ్డాయి, రెండో పక్క సినీవా ఒక్కతే మిగిలింది. ఇంటికొచ్చాక నిలదీసింది.

"నేను కొట్టానని అనుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోవట్లేదు."

"నా మొహం చూసి చెప్పు."

"ఆ వీపు నేనూ చూశాను సినీవా. అది నా చెయ్యి కాదు." చూపు తిప్పుకుని, నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుని అన్న ఇంటికి వెళ్లిపోయాడు.

ఎసెతా మాత్రం కోడలితోనే ఉండిపోయింది. పక్కన కూర్చుని ప్రార్థన చేసేది, అన్నం పెట్టేది. కానీ ప్రార్థన మధ్యలో కళ్లు తెరిస్తే అత్త తన చేతులనే చూస్తుండటం సినీవాకు కనిపించేది. చర్చిలో పాస్టరు ఆమెను విడిగా పిలిచి, కోపం ఎవరికైనా వస్తుందనీ, ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందనీ మెత్తగా చెప్పాడు. ఆ వారం నుంచి ఆమె వెనక వరసలో కూర్చుంది కానీ పాడలేదు.

పిల్లను చూడటానికి ఆఫీసులో ఒక గది, అందులో బొమ్మలు, మూలన కుర్చీలో మెరిడిత్. వచ్చిన ప్రతిసారీ ఒకే మాట: ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, వీపు ముట్టుకోకూడదు, ఎత్తకూడదు. లాంగి వచ్చీరాగానే చేతులు చాపేది, "ఎత్తు, తిప్పు" అనేది. సినీవా నేల మీద చతికిలబడి, "అమ్మకి నడుం నొప్పిరా బంగారూ," అనేది. కొన్నాళ్లకి పిల్ల అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే ఎక్కువ కోసింది.

మనిషి చిక్కిపోయింది. దుప్పట్లు మడతపెడుతూ ఆ వారమంతా మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకునేది. నిద్రలో కొట్టానా? ఒళ్లు తెలియని కోపం వచ్చి, అది మరిచిపోయానా? మా నాన్న నన్ను కొట్టాక ఏమీ జరగనట్టు భోజనానికి పిలిచేవాడే, నేనూ అలాంటిదాన్నేనా? అలా తిప్పి తిప్పి ఆలోచించగా, చివరికి కొట్టినట్టే అనిపించసాగింది. చెయ్యి ఎత్తడం, పిల్ల మొహం, అన్నీ కళ్లకు కట్టేవి.

తప్పు ఒప్పుకుని పిల్లల పెంపకం నేర్పే తరగతులకు వెళ్లినవాళ్లకి పిల్లలు తొందరగా తిరిగొస్తారని లాండ్రీలో ఎవరో అన్నారు. సినీవా నిశ్చయానికి వచ్చింది. అత్తతో చెప్పింది.

"ఈ శుక్రవారం మెరిడిత్ వాళ్ల ఆఫీసు మీటింగులో నేనే కొట్టానని చెప్పేస్తా అత్తమ్మా."

"కొట్టావా?" అంది ఎసెతా.

"తెలీదు. మీరు చెప్పండి. మీరు నా చేతులే కదా చూస్తున్నారు."

ముసలామె మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

మీటింగుకు ముందురోజు మెరిడిత్ ఫోను చేసింది. చర్మం డాక్టరు దగ్గరికి లాంగిని తీసుకెళ్తున్నాననీ, తల్లి కూడా రావాలనీ చెప్పింది. "కమిలిన దెబ్బయితే ఈపాటికి పసుపు తిరిగి మాయమవ్వాలి. ఇది అలాగే ఉంది. నాకు అర్థం కాలేదు, అందుకే అడిగాను," అంది. ఆ గొంతులో మొదటిసారి ఒక తడబాటు వినిపించింది.

డాక్టరు పేరు పారిసా. ఇరాన్ నుంచి వచ్చినామె. చిన్న భూతద్దం ఆనించి పిల్ల వీపంతా చూసింది, వేలితో నొక్కింది, నొప్పి ఉందా అని అడిగింది. లేదంది లాంగి. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"మీ చేతులు చూపిస్తారా?"

మళ్లీ కొలుస్తారనుకుని సినీవా చెయ్యి చాపింది. ఆమె కొలవలేదు. వేళ్ల సందులు విడదీసి చూసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చారలు చారలుగా, కారిన నీటి జాడల్లా నలుపు.

"ఇవి ఎప్పటి నుంచి?"

"లాండ్రీలో వాడే మందులవేమో అనుకున్నా."

"ఆ రోజుల్లో నిమ్మకాయలేమైనా పిండారా? ఎండలో?"

బస్తా, పెరడు, తొట్టి, ఎత్తు ఎత్తు అన్న పిల్ల. అన్నీ చెప్పింది.

"చూడండి," అంది పారిసా, మెరిడిత్‌కు కూడా వినిపించేలా. "నిమ్మరసంలో ఒక పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అవుతుంది. వెంటనే తెలీదు, ఒకటి రెండు రోజులకి ఎర్రబడుతుంది. కాలిన చర్మం తనను కాపాడుకోవడానికి రంగు తయారుచేసుకుంటుంది, ఆ రంగే పేరుకుపోయి నల్లగా నిలుస్తుంది. మీ తడిచెయ్యి ఎక్కడ పడితే అక్కడే ఎండ గుర్తు వేసింది. మా ఊళ్లో అంజూరపు పాలతో పిల్లలకి ఇలాగే అయ్యేది. ఇది దెబ్బ కాదు."

ఆగి, "దీనికి ఏమైనా రాశారా?" అని అడిగింది.

"నిమ్మచెక్క. మచ్చ పోతుందని."

"ఆ తర్వాత ఎండలోకి వెళ్లిందా?"

తల ఊపింది. గుక్క తిప్పుకోలేనట్టు ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషం కాదు. "అయితే చేసింది నేనే కదండీ. ఎలా చూసినా నేనే." మెరిడిత్ వైపు తిరిగి, "రేపు కొట్టానని చెబుదామనుకున్నాను. నిజంగానే కొట్టాననుకున్నాను," అంది.

మెరిడిత్ రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

నిజం తేలగానే తలుపులు తెరుచుకోలేదు. ఇంకో డాక్టరు కూడా అదే చెప్పాలి, పైవాళ్లు సంతకం పెట్టాలి. క్రిస్మస్ వచ్చి వెళ్లిపోయింది. లాంగి ఇంటికి వచ్చేసరికి కొత్త సంవత్సరం మొదలై, చైల్డ్‌కేర్ మళ్లీ తెరిచారు. మచ్చలకు మందేమీ లేదంది పారిసా. రుద్దొద్దు, తెల్లబరిచే క్రీములు పొరపాటున కూడా రాయొద్దు, ఎండ తగలనివ్వొద్దు, నెలలు పట్టినా వాటంతట అవే పోతాయి అంది. సినీవా పొడుగు చేతుల చొక్కాలు కొంది. బయటికి వెళ్లే ముందు పిల్ల మెడకీ చేతులకీ ఎండ క్రీము తెల్లగా పూసేది. డెబ్రా గేటు దగ్గర ఏడుస్తూ క్షమించమంది. "నీ స్థానంలో ఉంటే నేనూ చెప్పేదాన్నే," అంది సినీవా. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఆ తర్వాత మాత్రం ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

ఫిలెమోని సంచితో తిరిగొచ్చాడు. వాకిట్లో నిలబడి, "లోపలికి రావచ్చా?" అన్నాడు.

"ఇల్లు నీదే."

"సినీవా, నేను..."

"ఇప్పుడు వద్దు. ఇంకెప్పుడైనా వింటానేమో. పిల్ల లోపలుంది, వెళ్లు."

తండ్రిని చూసి లాంగి కేరింతలు కొట్టింది. అతను ఎత్తి తిప్పాడు. సినీవా తలుపు పక్కనే నిలబడి చూసింది. పిల్ల ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆమె దాన్ని ఎత్తుకోలేదు. స్నానం అత్త చేయిస్తోంది.

ఒక మధ్యాహ్నం ఎసెతా ఇంట్లో లేదు. పిల్ల పెరట్లో మట్టిలో దొర్లి వచ్చింది. తప్పలేదు. సినీవా చేతులు సబ్బుతో తోముకుని, కడిగి, మళ్లీ తోముకుని, లాంగి చొక్కా విప్పింది. మచ్చలు అప్పటికి పలచబడ్డాయి, టీ ఒలికిన గుడ్డలా ఉన్నాయి. వీపు మీద నీళ్లు పోసి, చెయ్యి ఆనించబోయి ఆగింది.

లాంగి వెనక్కి తిరిగి చూసింది. "ఆ కుర్చీలో ఆంటీ లేదు కదమ్మా," అంది గుసగుసగా. "ముట్టుకోవచ్చా?"

సినీవా తడి నేల మీద కూర్చుండిపోయింది. "ముట్టుకోవచ్చు తల్లీ," అని మాత్రం అనగలిగింది. తర్వాత చాలాసేపు పిల్ల వీపు మీద అరచెయ్యి ఉంచి, నీళ్లు చల్లారిపోయే దాకా కదలకుండా ఉంది.