వరుసతో పనిలేని లెక్క

జకరయ్య తన కూతురు నవోమి లెక్కల పుస్తకంలో చివరి పాఠాన్ని పరపరా చించి, ఎసరు కింద మండుతున్న పొయ్యిలో పెట్టాడు. పబ్లిక్ పరీక్షకు ఇంకా నెల కూడా లేదు. నవోమి బియ్యం చేట పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడింది. ఆ మంట మీదే ఆ పూట అన్నం ఉడికింది.

జకరయ్య చెడ్డవాడేం కాదు. ముత్తుకూరుకు తూర్పున, ఉప్పు మడులు దాటాక ఉండే క్రైస్తవ పల్లెకు ఉపదేశి. ఆదివారం ఆరాధన నడపడం, చనిపోయినవాళ్ళను మట్టి చెయ్యడం, తాగొచ్చి పెళ్ళాలను కొట్టేవాళ్ళకు గడ్డి పెట్టడం ఆయన పని. జీవితంలో చదివింది ఒక్క బైబిలే. కనుక ఏ పుస్తకాన్నయినా ఆ పద్ధతిలోనే చదివేవాడు, మాట మాట కిందా వేలు పెట్టి, ఆ మాటకు తనకు తెలిసిన అర్థం తప్ప వేరే ఉండదని నమ్మి. ఆ రోజు వేలు ఆగిన చోట పెద్దక్షరాలతో 'సంయోగములు' అని ఉంది. దాని కింద మొదటి వాక్యం: 'వరుసతో పనిలేనిది సంయోగము.'

ఏది ముందు, ఏది వెనక అని చూడకుండా కొన్నింటిని ఏరుకోవడం అని పుస్తకం రాసిన పెద్దమనిషి ఉద్దేశం. జకరయ్యకు వరుస అంటే ఎవరిని చేసుకోవచ్చు, ఎవరు తోబుట్టువు లెక్క అన్నదే. ఇక సంయోగం అంటే ఏమిటో పెళ్ళయినవాడికి ఒకరు చెప్పాలా?

"వావీ వరసా అక్కర్లేదని అచ్చేసి ఆడబిడ్డల చేతికిచ్చినారే!" అన్నాడు. కోపం కంటే భయమే ఎక్కువ ఆయనలో. ఆ భయమే నవోమికీ పట్టుకుంది.

ఆ అమ్మాయి చదివేది కొత్తగా పన్నెండో తరగతి పెట్టిన హయ్యర్ సెకండరీ స్కూల్లో. ప్యాసైతే నెల్లూరులో టీచరు ట్రైనింగు. తప్పితే మళ్ళీ పరీక్ష కట్టేది లేదని, ఇంట్లో ఉండి చాపలల్లుకోవాలని నాయన ముందే చెప్పేశాడు. గణితమే ఆమెను దాటించాలి, గణితమే ముంచాలి. అందులోనూ చిరిగిపోయిన ఆ పాఠం నుంచి ప్రతి పరీక్షలోనూ పెద్ద ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు.

క్లాసులో ఇంకో ఆడపిల్ల చెంచులక్ష్మి ఒక్కతే. ఊళ్ళో రైతుబిడ్డ. ఆ పాఠం ఒక పూటకిస్తావా అని నవోమి గుసగుసగా అడిగితే చెంచులక్ష్మి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా అన్న ఆ కాయితాలన్నీ అన్నం మెతుకులతో అంటించేసినాడే. ఊడబెరకబోతే అక్షరాలు కూడా వచ్చేసినాయి."

మొగపిల్లల దగ్గర పుస్తకాలు నిక్షేపంగా ఉన్నాయి. కానీ మొగపిల్లవాడిని ఆ పాఠం అడిగిన పిల్ల పేరు సాయంత్రానికి కృష్ణపట్నం దాకా పోతుంది. పోలేరయ్య అనే కుర్రాడు రోజూ లేచి, ఆ పాఠం ఎప్పుడు సార్ అని వినయంగా అడిగేవాడు. వెనక బెంచీలు కిసుక్కుమనేవి. లెక్కల మేష్టారు పద్మనాభయ్య చెవులు ఎర్రబడేవి. బి.ఎస్సీ. చదివినవాడు, కాళ్ళు బల్ల కింద దాచుకుని, ఆ పాఠం మీరే చదువుకోండి అని సుద్దముక్క పెట్టెలో వేసేసేవాడు. సిగ్గు మేష్టారిది, నష్టం పిల్లలది. మన బడుల్లో ఈ పంపకం ఎప్పుడూ ఇంతే.

నవోమి ధైర్యం చేసి మేష్టారి ఇంటికి పోయింది. గడప అవతలే నిలబడింది. ఏ పాఠం అమ్మా అని ఆయన అడిగాడు. నాయన చించేశాడని చెబితే మేష్టారు వచ్చి నాయనను నిలదీస్తాడు, పల్లె పల్లెంతా ఆ మాట వింటుంది. చెప్పకపోతే పరీక్ష పోతుంది. చివరికి, "ఆఖరుది సార్" అంది.

ఆయన ఇంట్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అది ఈ ఏడు రాదులే. పో."

రాదని ఆయనకెవరు చెప్పారు? ఆ రాదులేతో ఆమెకు నిద్ర కూడా కరువైంది. దానికి ముందున్న ప్రస్తారాల పాఠం నోటికి వచ్చు. వరుస మారితే లెక్క మారుతుంది, అంతవరకు తెలుసు. వరుసతో పని లేకపోతే ఏమవుతుందో మాత్రం బూడిదలో కలిసిపోయింది.

నెల్లూరు సువార్త సభల్లో పాడడానికి పల్లె నుంచి ముగ్గురు ఆడవాళ్ళను పంపాల్సి వచ్చింది. పాడేవాళ్ళు ఏడుగురు. జకరయ్య ముగ్గురిని ఎంచి, ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు చదివాడు. ఆయన చెల్లెలు రెబెక్కమ్మ పేరు ఆఖరున వచ్చింది. ఆమె మూతి ముడిచి, సొంత అన్నే ఎనక్కి నెట్టినాక ఊళ్ళోవాళ్ళననేదేముంది, నేను పోను అని కూర్చుంది. చాలాసేపు బతిమాలాక జకరయ్యకు విసుగెత్తింది.

"వరసతో పనేముంది రెబెక్కా? ఎవురి పేరు ముందు చదివినా పొయ్యేది ఆ ముగ్గురే గదా!"

నవోమి చటుక్కున తలెత్తింది. చించి కాల్చిన మాటే, కాల్చిన నోటి నుంచి, దేవుడి గుడిలో వినపడింది. ముగ్గురి పేర్లను తిప్పి తిప్పి చదువుకుంది. ఆరు రకాలు. ఆరు రకాలుగా చదివినా బస్సెక్కేది ఆ ముగ్గురే. అంటే ప్రస్తారాల లెక్క చేసి ఆరుతో భాగిస్తే చాలు. ఏడుగురిలో ముగ్గురు: రెండు వందల పది కాదు, ముప్పయ్యయిదు.

ఆఖరి ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె కూడా మూసుకుంది గాని, లోపల భాగహారమే. గుళ్ళో కూర్చుని ఆ పాపపు పాఠమే చదువుతున్నానని భయపడింది. నాయన ఎక్కడ కళ్ళు తెరిచి తన మొహం చూస్తాడో అని తల ఇంకా వంచింది. ఇంటికి పోయాక ఎవరికీ చెప్పలేదు. ఆ పద్ధతి తప్పో ఒప్పో అడగడానికి మనిషి లేడు.

పరీక్ష రోజు ప్రశ్న రానే వచ్చింది. తొమ్మిదిమంది సభ్యులలో నలుగురితో ఉపసంఘము ఏర్పరచు సంయోగములెన్ని? అచ్చులో ఆ మాట కనబడగానే, హాలంతా తననే చూస్తున్నట్టు చెమట పట్టి పెన్ను జారింది. వెనక దగ్గిందెవరో, పోలేరయ్యో ఏమో. తొమ్మిది నుంచి ఆరు దాకా ఒక్కొక్కటే దిగుతూ గుణించింది. నలుగురిని ఎన్ని రకాలుగా తిప్పవచ్చో దానితో భాగించింది. నూట ఇరవై ఆరు. 'కావున సంయోగముల సంఖ్య' అని రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది. మొగ మేష్టార్లు దిద్దే కాగితం, ఎవరి చేతిలో పడుతుందో? 'ఎంపికలు' అని రాసి కాగితం తిప్పేసింది. ఆ మాటకు మార్కులు కోస్తారని ఫలితాలొచ్చేదాకా అన్నం సయించలేదు.

ప్యాసయింది. జకరయ్య పల్లెంతా శెనగలు పంచి, దేవుడికి స్తోత్రం చెప్పాడు. దారి చూపింది ఏ మాటో ఆమె ఆయనకు చెప్పలేదు, ఆయన పోయేదాకా.

నాలుగైదేళ్ళ తర్వాత నెల్లూరు బస్టాండులో పద్మనాభయ్య మేష్టారు కనిపించాడు. రిటైరయ్యాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. బాలికల స్కూల్లో లెక్కలు చెబుతున్నావటగా అని సంతోషపడ్డాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చుట్టూ చూసి, ఆ పాఠం కూడా చెబుతున్నావా అమ్మా అని అడిగాడు.

నవోమి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"చెప్తా సార్. ఆ రోజు మాత్రం రోడ్డు వైపు కిటికీలు మూయిస్తా."