ఎర్రదారం కుట్టిన జేబు

నాకు అక్షరాలు యాభై దాటాక, ఖతార్‌లో కూలీల క్యాంపులో వచ్చాయి. మెత్తగా రాయడం చేతకాదు. అక్కడే అల్ ఘర్రాఫా అనే చోట ఒక విల్లాలో జర్మనీ చిత్రకారుడి దగ్గర రంగులు కలిపాను. ఆయనంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

ఆయనకు ఎనభై దాటాయి. టీ తనే పోసి ఇచ్చేవాడు. తన కథ చెబుతుంటే, ఆయన దగ్గరే పనిచేసే హైదరాబాద్ డ్రైవర్ నాకు తెలుగులో చెప్పేవాడు. తండ్రి యుద్ధంలో పోయాడట. ఇంట్లో మిగిలిన ఆయన మిలిటరీ కోటు కత్తిరించి తల్లి ఈయనకు అంగీ కుట్టిందట. బడికి అదే తొడుక్కుని వెళ్ళాడట. దేశం రెండు ముక్కలైతే ఈ ముక్క నుంచి ఆ ముక్కకు పారిపోయి, ఏళ్ళ తరబడి సారా కొట్లకు బోర్డులు రాశాడు. ఒకరోజు ఆ కోటు ముక్కను కాన్వాసుకు అంటించి పైన బూడిదరంగు పూశాడు. పేరొచ్చింది. ఇక అప్పట్నుంచి బట్టలే అంటించాడు. ఎండలో పనిచేసేవాళ్ళ బట్టల కోసమే ఖతార్ వచ్చాడు.

డ్రైవర్ మేముండే ముఐథర్ క్యాంపుకు వచ్చి, కొత్త బట్టలిచ్చి పాత డ్యూటీ బట్టలు మూటలుగా తెచ్చేవాడు. ఉతకనిచ్చేవాడు కాదు ముసలాయన. చెమట ఉప్పు తెల్లగా కనపడాలట. ఆ కంపూ, జిగురు కంపూ కలిసి నాకు అన్నం సహించేది కాదు.

ఆ రోజుల్లోనే క్యాంపులో నా గదివాడు, మా జగిత్యాల వైపువాడే, గుండె ఆగి పోయాడు. శవం పెట్టెలో ఇంటికి వెళ్ళింది. పోయినవాడి బట్టలు మేం ఉంచుకోం, ఎవరం తొడగం. కాటికి వెంటే పోవాలి. కంపెనీవాళ్ళు వాటిని పెట్టెలో పెట్టనివ్వలేదు. శుక్రవారం కాలుద్దామని మూటకట్టి తలుపు బయట పెట్టాం. డ్రైవర్ అది తన మూటే అనుకుని పట్టుకెళ్ళాడు.

పోయినవాడి భార్య ఫోన్ చేసింది. "బట్టలు కాలవెట్టిన్రా అన్నా? కాలేదాక ఆయన ఆడ్నే తిరుగుతడు."

మర్నాడు పనిలో చూస్తే బొమ్మ నడుమ నీలం చొక్కా. జేబుకు ఎర్రదారం. వేరే దారం లేక నేనే కుట్టిన కుట్టు.

"తమ్మీ, ఇది మావోనిది. సచ్చినోని బట్ట. తీసియ్యమని చెప్పు."

డ్రైవర్ ముఖం పాలిపోయింది. "యా అల్లా! తెల్వక తెచ్చిన కాకా."

అతను ఇంగ్లీషులో చెప్పగానే ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ చొక్కానే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమంటుండు?"

"పోయినోనిదైతే ఇంకా మంచిగున్నదట కాకా. తన నాయిన కోటు లెక్క ఉన్నదట."

"ఆ కోటు వాళ్ళమ్మ ఇచ్చింది. ఇది ఎవలిచ్చిన్రో అడుగు."

అడిగాడు. "మాఫీ" అన్నాడు, అంటే అరబ్బీలో లేదని. "ఇయ్యడట."

గోడల పాత రంగు గీకే ఇనుపరేకు తీసుకుని చొక్కా కిందికి దోపి లాగాను. కాన్వాసు కూడా చినిగి వచ్చింది. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఆయన ఆ చిరుగు ముందు అటూ ఇటూ నడిచి, మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"గట్లనే ఉండనీ అంటుండు కాకా. గిప్పుడు పూర్తయిందట."

థూ అని బయటికి వచ్చేశాను. మళ్ళీ ఆ విల్లా గడప తొక్కలేదు. డ్రైవర్ తిరిగి తెచ్చిచ్చిన మిగతా మూటతో కలిపి క్యాంపు వెనక చొక్కా కాల్చాను. జిగురుకు పొగ నల్లగా, కుళ్ళు కంపుతో లేచింది. వాడి భార్యకు ఫోన్ చేసి, "కాలింది చెల్లె, అంతా కాలింది" అని చెప్పాను. అవతల ఏడుపు వినిపించింది.

ఇప్పుడా బొమ్మ వెస్ట్ బేలో, బొమ్మలు చూపే గ్యాలరీలో వేలాడుతోంది. మొన్న డ్రైవర్ ఫోన్‌లో ఫోటో చూపించాడు. చిరుగు ముందు పెద్దమనుషులు మెడలు వంచి నిలబడ్డారు.

"నీ రేకు గీతలు సుత కనవడుతున్నయ్ కాకా. అందరు మెచ్చుకుంటుండ్రు."

"బంద్ చెయ్ ఆ ఫోను" అన్నాను.