గొర్లగడ్డను గుట్టెక్కించిన బీరమ్మ

బీరమ్మ పేరెత్తితే చాలు, కృష్ణ ఒడ్డున ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటారు. విరుచుకోవాల్సిందే మరి. గొర్లు కాసుకునే కుర్మ ఇంటి కోడలు. నోరు పెద్దది, గుండె అంతకంటే పెద్దది. సంతలో ఆమెతో బేరమాడి గెలిచిన మగవాడు పాలమూరు జిల్లాలోనే పుట్టలేదని మొగుడు మల్లప్పే నవ్వుతూ చెప్పుకునేవాడు.

అవి రజాకార్ల రోజులు. ఊరికి ఎదురుగా ఏటి నడుమ గొర్లగడ్డ అనే దీవి ఉండేది. దాని మీద ఒక గుట్ట, గుట్ట మీద కుర్మల కులదేవుడు బీరప్ప గుడి, కింద వాళ్ళ ఇళ్ళు. బీరమ్మ కూతురు గుర్వమ్మను అక్కడికే ఇచ్చారు. ఆ ఏడు గుర్వమ్మ చంకలో పసివాడు. రజాకార్లు ఏరు దాటబోతున్నారని తెలిస్తే ఈ ఒడ్డున బీరమ్మ మరిది జానయ్య డోలు దడదడ మోగించేవాడు. అది వినగానే గడ్డ జనం పిల్లాజెల్లాతో నీళ్ళ అంచున నిలువెత్తు జమ్ముగడ్డిలో దూరేవారు. అందులో దాక్కున్నవాళ్ళు ఒక్కసారి కూడా దొరకలేదు.

శ్రావణంలో ఒక పొద్దున, ఎగువ నుంచి మందను తోలుకొచ్చిన బీరన్న రొప్పుతూ చెప్పాడు.

"ఏరు పొంగొస్తాంది! ఎగువ ఊర్లు మునిగినయ్. జర సేపట్ల గీడికొస్తది."

అప్పటికే నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. పుట్టి వేసే దమ్ము ఎవరికీ లేదు. అరిస్తే ఆ హోరులో సగం ఏరు కూడా దాటదు. జానయ్య మంచివాడే కానీ తొందర మనిషి. డోలు మెడకు తగిలించుకుని, అలవాటు కొద్దీ దడదడ మోగించాడు. గడ్డ మీద జనం ఇళ్ళలోంచి ఉరికివచ్చారు. గుర్వమ్మ పిల్లవాడిని గుండెకదుముకుని జమ్ములోకి పరుగెత్తడం బీరమ్మ కళ్ళారా చూసింది.

"ఏమయ్యా జానయ్యా! వాళ్లను వరదలకే తోలుతున్నవు గదా!"

జానయ్య డోలు ఆపాడు. ఆపినా లాభమేముంది? రజాకార్లు దగ్గరికొచ్చారనుకుని గడ్డ జనం ఇంకా లోపలికి జరిగారు.

"బీరప్ప పండుగ దెబ్బ కొట్టు. అది ఇంటె గుట్టెక్కుతరు" అంది బీరమ్మ.

"పండుగ గాకుండ దేవుని దెబ్బ ఎట్ల కొట్టాలె వదినా? పాపం తగులుతది."

"తగిలితె నాకు తగలనీ! పసిపోరగాండ్లు మునిగితె బీరప్ప మెచ్చుకుంటడా?"

డోలు లాక్కుంది. ఆడవాళ్ళు దాన్ని ముట్టిన పాపాన పోలేదు ఆ ఊళ్ళో. కానీ పుట్టినప్పటి నుంచీ విన్న దెబ్బ అది. మొదట తడబడింది, తర్వాత కుదిరింది. జమ్ములోంచి ఒక ముసలాయన తల బయటికి పెట్టాడు. వెనక ఇద్దరాడవాళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుంది వాళ్ళకు. అయినా బీరప్ప పిలిస్తే కదలని కుర్మ ఇల్లుంటుందా? ఒక్కొక్కరే గుట్ట దారి పట్టారు. ఇంతలో వాన ముసురుకుంది. గడ్డ కనబడలేదు. గుర్వమ్మ బయటికొచ్చిందో లేదో తెలియదు.

బీరమ్మ ఆపలేదు. పండుగనాడు ప్రతి గడప నుంచీ బోనం గుట్టెక్కాకే అక్కడి పూజారి గురవయ్య ఈ ఒడ్డు డోలుకు జవాబుగా తన డోలు కొడతాడు. ఒక్క గడప తక్కువైనా పుల్ల ముట్టడు. ఆ మొండితనానికి ఎన్నిసార్లు తిట్టిందో అతన్ని! ఇప్పుడా మొండితనమే ఆమెకు దిక్కు. ఎర్రనీళ్ళు జమ్మును మింగేంత ఎత్తు లేచి ఈ ఒడ్డెక్కాయి. మోకాళ్ళదాకా వచ్చాయి. మల్లప్ప వెనక్కి లాగుతుంటే తిడుతూనే కొట్టింది.

చివరికి జానయ్య ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆపాడు.

"ఇగ సాలు వదినా. జర ఇను."

వానలోంచి, హోరులోంచి, గుట్ట మీద గురవయ్య డోలు వినబడుతోంది.